నాలుగున్నర స్టార్ల దారి

ఆ దారి వేసింది ఇంజనీర్లు కాదు, చుట్టాలు.

కళ్లజోళ్ల షాపాయన అన్నయ్య నిరుడు ఆ కొండల్లో పన్నెండు రోజుల నడకకి ఒంటరిగా బయల్దేరి, ఆరో రోజు పొగమంచులో తప్పిపోయాడు. వెతకడానికి ముప్పై ఎనిమిది మంది చుట్టాలు దిగారు. వెతికిన చోటే మళ్లీ వెతక్కుండా, అందరూ ఫోన్లలో నడక యాప్ ఆన్ చేసి తిరగాలని షాపాయనే రూలు పెట్టాడు. రూలు మంచిదే. కాని పెద్దమామయ్య ముందు నడిచాడు. ఆయన్ని దాటితే మర్యాద కాదని మిగతా ముప్పై ఏడుగురూ ఆయన వెనకే నడిచారు. తొమ్మిది రోజులు, పొద్దున్న పోను, సాయంత్రం రాను. అన్నయ్య దొరకలేదు.

ఇంతమంది ఇన్నిసార్లు తిరిగారంటే అది దారే అయ్యుంటుందని యాప్ అనుకుంది. మ్యాపులో ఆకుపచ్చ గీత గీసింది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ గీత పట్టుకు నడిచి నాలుగున్నర స్టార్లిచ్చారు. ‘ప్రశాంతంగా ఉంది, టీ దొరకదు’ అని ఒకాయన రాశాడు. పోయిన నెల ఒకావిడ గీత ముగిసేచోట లోయలోకి జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆవిడ కూడా మూడు స్టార్లిచ్చింది.

అది చదివాక షాపాయన యాప్ కంపెనీకి రాశాడు. మొదట నడిచినవాళ్లలో ఇద్దరు గీత చివర నిలబడి ‘ఇక్కడ దారి లేదు’ అని నొక్కితే తీసేస్తామన్నారు. పెద్దమామయ్యకి మోకాళ్ల నొప్పులు. మిగతావాళ్లకి పనులు. వదిన ఒక్కతే వస్తానంది.

ఇద్దరూ నడక మొదలెట్టిన ఆరో రోజు మధ్యాహ్నం, గీత మొదలయ్యే మలుపులో పొగమంచు దిగింది.

“భయం లేదు వదినా, మూడు పవర్ బ్యాంకులు తెచ్చా.”

“మూడింటికీ చార్జింగ్ పెట్టావా?”

“రెండింటికి.”

“మీ వంశమే అంత. మీ అన్నయ్య గొడుగు కొనుక్కొస్తారు, తడిసి వస్తారు.”

నేల మీద నిజంగానే దారి ఉంది. గడ్డి చచ్చి మట్టి నున్నబడింది. ఎవరో పుణ్యాత్ములు రాళ్లు పక్కకి జరిపి, కూర్చోడానికి బండ కూడా సర్దారు. బండ కింద బిస్కట్ కాగితం. తమ ఇంటి ఏడుపు మీద కూర్చుని ఎవరో క్రీమ్ బిస్కట్లు తిన్నారు. షాపాయన ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో ఆయనకే తెలియదు.

గీత చివర ఫోను బుజ్జిగా మోగి ఆగింది. ముందంతా తెలుపు. లోయ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. నేల మీది దారి మాత్రం అక్కడ ఆగలేదు. ఇంకో పది అడుగులు సాగి మంచులో కలిసిపోయింది.

“నొక్కుతున్నా. మీరూ నొక్కండి.”

“వద్దు.”

“అందుకేగా వచ్చాం వదినా!”

“నువ్వు అందుకొచ్చావు. నేను వద్దనడానికొచ్చా. ఆయన తిరిగొస్తే ఎటు వస్తారు? ఉన్న ఒక్క దారీ తుడిచేస్తావా?”

షాపులో రోజుకి యాభైసార్లు ‘ఇప్పుడు కనిపిస్తోందా’ అని అడిగే మనిషి, ఫోను మీది వేలు తీసి మంచులోకి చూశాడు.

అంతలో వెనక నుంచి గొంతులు.

“ఫోను కాదు, నన్ను చూసి నడువు!”

“నిన్ను చూసే ఇంతదాకా వచ్చి పడ్డా!”

మంచులోంచి ఒక జంట వచ్చింది. భర్త పక్కకి చూడకుండా, ఫోను గుండెకి ఆనించుకుని, వాళ్లిద్దర్నీ దాటి ముందుకెళ్లిపోయాడు. వదిన ఒక్క గెంతులో అతని బ్యాగు పట్టీ పట్టుకుంది.

“ఎక్కడికి బాబూ?”

“దారేనండీ. ముందు ఒకాయన వెళ్తున్నాడుగా, తెల్ల చొక్కా.” అతను మళ్లీ ముందుకి చూశాడు. “ఇప్పటిదాకా ఉన్నాడే!”

“కళ్లజోడు పెట్టుకోడండీ,” అంది భార్య. “ఫొటోల్లో బాగుండదట.”

అన్నయ్య బయల్దేరిన రోజు తొడుక్కుందీ తెల్ల చొక్కాయే. వదిన పట్టీ వదల్లేదు. మంచులోకే చూస్తోంది. ఎక్కడ ముందుకి అడుగేస్తుందోనని షాపాయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

వదిన అంది: “అక్కడ దారి లేదు నాయనా. వెనక్కి పద.”

తర్వాత ఫోను తీసి తనే ముందు నొక్కింది. షాపాయన నొక్కాడు. ఆకుపచ్చ గీత పోయింది. మ్యాపులో కొండ మీద వాళ్లిద్దరి నీలం చుక్కలే మిగిలాయి.

నలుగురూ వెనుదిరిగారు. జంట ముందు, షాపాయన మధ్యలో. వదినని ముందు నడవమంటే వినలేదు, చివరనే ఉంది. కాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది. మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టే.

“రాళ్లున్నాయి. చూసుకుని, నా వెనకే రండి.”

షాపాయన తల తిప్పలేదు. ముందు ఆ జంట చార్జింగ్ ఎవరివల్ల అయిపోయిందో తేల్చుకుంటున్నారు. ఆయన ఆ పోట్లాట ఒక్క ముక్క పోనివ్వకుండా విన్నాడు.