ఊటచెరువు కావలి

కాకి అరిస్తే చుట్టాలొస్తారని లోకమంతా అనుకుంటుంది. ఖమర్‌బీ మాత్రం చావుకబురేమో అనుకుంటుంది. బిడ్డ దగ్గితే క్షయేమోనని, మొగుడు బస్సెక్కితే ఆ బస్సు పెన్నలో పడుతుందేమోనని ఆమె ప్రాణం ఎప్పుడూ గుప్పిట్లోనే ఉంటుంది. జమ్మలమడుగు శివారు పేటలో ఆమె భయాలు చెప్పుకుని నవ్వుకోనివాళ్లు లేరు. అన్నిటికీ భయపడే మనిషికి, భయపడటం మరిచిన దిక్కు నుంచే వచ్చింది దెబ్బ.

పోయిన ఎండాకాలం కూతురు మాబున్నికి మోకాలి కింద బొబ్బ లేచింది. అది చిట్లి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయట పెట్టింది. నారికురుపు. పేటలో అది కొత్తేమీ కాదు. పురుగును పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకింత లాగడం అందరికీ చేతనైన పనే. కానీ ఖమర్‌బీ చేతులు వణికాయి. పురుగు లోపలే తెగింది. కాలు గుమ్మడికాయలా వాచింది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోతుంటే, ఇది మళ్లీ ఇంటికి వస్తుందా రాదా అని దారి పొడుగునా అదే ధ్యాస. కాలు దక్కింది. మోకాలు మాత్రం మునుపటిలా ముడుచుకోదు. తొక్కుడుబిళ్ల ఆటలో మాబున్ని పక్కన కూర్చుని, తక్కిన పిల్లలకు బిళ్ల అందిస్తూ ఉంటుంది.

అక్కడి డాక్టరు విడమరిచి చెప్పాడు. "ఇది నీళ్ల వల్ల వచ్చే జబ్బమ్మా. బొబ్బ ఉన్నవాళ్లు మంటకు తాళలేక చెరువులో కాలు పెడతారు. పురుగు ఆ నీళ్లలో పిల్లల్ని వదులుతుంది, అవి కంటికి కనపడవు. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి బొబ్బ లేస్తుంది. తాగే నీళ్లలో ఎవరూ కాలు పెట్టకండి. గుడ్డ మడతవేసి వడకట్టి తాగండి. నారి దానంతటదే పోతుంది."

బిడ్డకు ఇంకో కాలుంది కదా అనే ఒక్క ఆలోచనే ఖమర్‌బీని ఇంట్లో కూర్చోనివ్వలేదు.

పేటంతా తాగేది ఊటచెరువు నీళ్లే. మూడు వైపులా నిట్టనిలువు గట్టు, కంపచెట్లు. నాలుగోవైపు ఇద్దరు పక్కపక్కన దిగేంత మెట్లదారి. ఆ దారిని కాస్తే చెరువును కాసినట్టే. ఖమర్‌బీ ముందుగా అంగడి నాగరత్నమ్మను అడిగింది. ఆమె కొడుక్కీ నారి వచ్చి తగ్గింది కాబట్టి సరేనంది. ఆ తర్వాత ఖమర్‌బీకి మామ వరసయ్యే గఫూర్ కలిశాడు. దూది ఏకే పనికి చూపు ఆనక ఇంటిపట్టున ఉన్న పెద్దాయన. ముగ్గురూ వంతులు వేసుకున్నారు. పై మెట్టు మీద నిలబడి బొక్కెనతో నీళ్లు చేదుకోవాలి, ఎవరూ దిగకూడదు. అంతే వాళ్ల కట్టుబాటు.

కట్టుబాటు పెట్టినంత సులువు కాదు, నిలబెట్టడం. ఎనుములు తోలుకొచ్చేవాళ్లు ఒకరు, బట్టలు ఉతికేవాళ్లు ఒకరు. అందరికంటే నోరు పెద్దది ఎదురింటి ఓబుళమ్మది.

"ఏమ్మే ఖమరూ, చెరువు మీ తాత తవ్విచ్చినాడా? మా అవ్వ కాలు పెట్టె, మా యమ్మ కాలు పెట్టె. నేను పెడితే వచ్చిందా నీకు కడుపునొప్పి?"

"మీ అవ్వకు నారి రాల్యాదా అక్కా? కుంటుకుంటా తిరగల్యాదా?"

"వచ్చింది. ఏమైతాది? ఎండాకాలమన్నాక మామిడికాయ రాకుండా ఉంటాదా, నారి రాకుండా ఉంటాదా?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఖమర్‌బీకి ఒళ్లు మండింది. నవ్వేవాళ్లకు డాక్టరు మాట చెప్పడం గోడకు చెప్పినట్టే.

మెట్లదారికి అడ్డంగా మూడు నాపబండలు నిలబెడితే కావలితోనే పనుండదు. పులివెందులలో ఆమె అక్క ఉండే వీధిలో దిగుడుబావిని అట్లాగే మూసి గిలక పెట్టారట. ఆ మాటే పట్టుకుని తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగింది. గుమాస్తా ఆమెను చూడగానే కలం కింద పెట్టి, నెత్తిమీద చెయ్యి పెట్టుకునేవాడు.

"మల్లా వచ్చినావా తల్లీ? నీ అర్జీ కర్నూలుకు పంపిచ్చినాం గదా. ఇప్పుడు రాజధాని హైదరాబాదుకు పాయె. ఏ పెట్టెలో ఏసి మూట గట్టినారో ఆ దేవునికే తెలియాల."

"అయ్యా, ఊరంతా బండల మీదనే నడుస్తాంది. ఎనుములు పండుకునేదీ బండల మీదనే. చెరువుకు మూడు బండలు కావల్లంటే హైదరాబాదును అడగల్లనా?"

"ఆర్డరు ల్యాకుండా రాయి కదిలిస్తే నా ఉద్యోగం కదుల్తాది. పోయిరామ్మా."

ఆమె ఎండన పడి ఇంటికి వచ్చేది. బిడ్డ కాళ్లు రెండూ ఒళ్లో పెట్టుకుని వేలితో తడిమి చూసేది. దోమ కుట్టిన దద్దురు కనిపించినా గుండె జారిపోయేది.

ఇంత చికాకులోనూ ఆమెకు ఒకటే ధైర్యం, గఫూర్ మామ. ఎండైనా గాలైనా వంతు తప్పడు. మొదట్లో నమాజు వేళకు మసీదుకు పోయేవాడు. ఆ కాస్త సందులోనే ఎవరో ఒకరు దిగేవాళ్లు. "మామా, నువ్వు పక్కకు పోతే చాలు దూడల మాదిరి దిగుతాండారు. నమాజు ఈడనే గట్టుమీద చేసుకోరాదా?" అని ఖమర్‌బీయే అడిగింది. ఆయన సరేనన్నాడు. అప్పటి నుంచి తుండుగుడ్డ పరుచుకుని గట్టుమీదే నమాజు చేసుకుంటున్నాడు.

ఆరోజు ఆయనకు సంగటి తీసుకుని ఎప్పటికంటే ముందే బయలుదేరింది. మధ్యాహ్నం నమాజు వేళ. గట్టెక్కి చూస్తే పై మెట్టు మీద మనిషి లేడు. పడిపోయాడేమో, పాము కరిచిందేమో అని పరుగున పోయి కిందికి చూసింది.

గఫూర్ అడుగు మెట్టు మీద కూర్చుని, నమాజుకు ముందు ఒళ్లు శుద్ధి చేసుకునే వజూ చేసుకుంటున్నాడు. చేతులు కడిగాడు, మొహం కడిగాడు, తల తుడిచాడు. తర్వాత రెండు కాళ్లూ నీళ్లలో పెట్టాడు. ఎడమ చీలమండ పక్కన బొబ్బ చిట్లి ఉంది. దాన్ని నీళ్లలోనే ఉంచి, చల్లగా కళ్లు మూసుకున్నాడు.

"మామా! కాలు తియ్!"

ఆమె చేతిలో సంగటి గిన్నె మెట్ల మీద దొర్లింది. ఆయన ఉలిక్కిపడి కాళ్లు లాక్కున్నాడు.

"ఏందమ్మా, ఎవురన్నా దిగినారా?"

"నువ్వే దిగినావు గద మామా! ఆ బొబ్బ ఏంది?"

"ఇదా? చెప్పు కరిచిందనుకుంటాండా. మంట శానా ఉంది. నమాజుకు కాళ్లు కడుక్కుంటాండా, అంతే. ఇది కాలు పెట్టేది కాదు గదమ్మా, వజూ. తాగే నీళ్లు చేది కాళ్లమీద పోసుకుంటే నష్టం గదా అని నీళ్లకాడికే దిగినా."

ఖమర్‌బీ మెట్లు దిగి ఆ బొబ్బను దగ్గరగా చూసింది. ఆయన ఊరందరినీ అదిలించి, రోజూ ఆ పుండుకాలే ఈ నీళ్లలో కడిగాడు. వజూ వల్ల నీళ్లు చెడతాయని ఆయనకే కాదు, నమాజు గట్టుమీద చేసుకోమన్న తనకూ తట్టలేదు. ఎనుములను చూసింది, బట్టలను చూసింది, ఓబుళమ్మ కాళ్లను చూసింది. తాను కాపలా పెట్టిన కాళ్లను చూడలేదు.

నాగరత్నమ్మ సంగతంతా విని అంగడి తలుపు దగ్గరకు వేసింది.

"ఖమరూ, ఈ మాట బయటపడితే మన మొగాన ఉమ్మేస్తారు. మామను ఇంట్లో కూకోబెడదాం. ఎవురికీ చెప్పాకు."

"చెప్పకపోతే వడకట్టకుండా తాగుతారక్కా. నేను ఇంట్లో వడకట్టి పోస్తా సరే. బడి కుండలో నీళ్లు ఎవురు వడకట్టాల? మాబున్ని ఆడ తాగదా?"

ఆ సాయంత్రం నీళ్లకు వచ్చినవాళ్లందరికీ మెట్ల మీద నిలబడి ఖమర్‌బీయే చెప్పింది. గఫూర్ పక్కనే తలొంచుకుని, అందరికీ కనబడేలా కాలు ముందుకు చాపాడు. ఒకరిద్దరు పాపం అన్నారు. ఓబుళమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

"కంచే చేను మేసిందంటే ఇదే గదమ్మే! ఇన్నాళ్లూ నా కాళ్లమీద పడి ఏడిస్తివే. లెయ్, అడ్డం లెయ్."

బిందెతో నేరుగా నీళ్లలోకే దిగింది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు దిగారు. అంతవరకూ చేసిన కావలి అంతా ఒక్క పూటలో పాయె.

ఇంటికి పోయి ఖమర్‌బీ గునపం తీసుకుంది. వాకిట్లో గడపకు ముందున్న నాపబండను పెకిలించడం మొదలుపెట్టింది. మొగుడు రహీం బండి తోలుకుని అప్పుడే వచ్చాడు.

"యావమ్మే, పిచ్చి పట్టిందా? మా నాయన పరిచిన బండ అది."

"ఉన్న ఒక్క మంచి కాలు పోతే బిడ్డను ఈ బండ మీదనే కూకోబెట్టల్ల. పట్టు ఆ కొస."

రహీం ఆమె మొహం చూసి కొస పట్టుకున్నాడు. ఇద్దరూ బండను బండికెత్తి, మాబున్నినీ ఎక్కించుకుని పోయి, మెట్లదారికి అడ్డంగా నిలబెట్టి, వెనకాల రాళ్లు పేర్చారు. మూడు కావలసిన చోట ఒకటి. దారి మూడోవంతే మూసుకుంది. తిరిగి వస్తుంటే మాబున్ని బండిలో వెనక్కి తిరిగి, "మా, నాకు మల్లా వస్తాదా?" అని అడిగింది. ఎద్దుల మెడగంటలు మోగుతున్నాయి. ఖమర్‌బీ బిడ్డ కాళ్లు రెండూ ఒళ్లోకి తీసుకుంది.

తెల్లవారి బొక్కెన తీసుకుని పోతే చెరువు దగ్గర దబ్ దబ్ మని చప్పుడు. నిలబెట్టిన బండను ఎవరో కిందికి ఈడ్చి, నీళ్ల అంచున వెల్లకిలా పడేశారు. దాని మీద దుప్పటి వేసి, నీళ్లలో మోకాళ్లదాకా దిగి, ఓబుళమ్మ తీరుబడిగా ఉతుకుతోంది.

"బండ శానా నున్నగుందమ్మే. యాడిది?"

ఖమర్‌బీకి తిట్టాలనిపించింది. ఏడవాలనిపించింది. పోయి తడి దుప్పటి మీదనే, బండ నడిమధ్య, కాళ్లు మఠం వేసుకుని కూర్చుంది.

"లెయ్‌మ్మే, పనుంది నాకు."

"నన్నూ కలిపి ఉతుకు."

"నీకేమన్నా పిచ్చా?"

"ఉంది. ఉతుకు."

ఓబుళమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. గట్టుమీద చెంబుతో కాళ్లు కడుక్కుంటున్న గఫూర్, కట్టు కట్టిన కాలు ఎత్తిపట్టుకుని అరిచాడు.

"ఓబుళమ్మా, కాలు తియ్!"

ఆమె తీయలేదు. ఖమర్‌బీ లేవలేదు.