మూడు వందల స్క్రూలు

నేల మీద పరిచే వినైల్ షీటు చుట్ట భుజాన వేసుకుని ఎనిమిదిన్నరకే మేడెక్కి వచ్చిన పనివాడు డెస్, స్నానాల గదిలోకి ఒక్క అడుగు వేశాడు. నేల కిర్రుమంది. ఇంకో అడుగు వేశాడు. మళ్ళీ కిర్రు.

“దీని మీద నేను వేయను పెద్దాయనా,” అన్నాడు, చుట్ట దించి గోడకు ఆనిస్తూ.

సిరిల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంగ్లండ్‌లో, బర్న్‌లీ ఊళ్ళో నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాడాయన. దూలాల మీద వేసిన పాత చిప్‌బోర్డ్, అంటే చెక్కపొట్టు పలకల నేల మీద ప్లైవుడ్ పరచడానికి ఇంకొకడెందుకని, రెండు రోజులు మోకాళ్ళరిగేలా కూర్చుని, నాలుగంగుళాలకొకటి చొప్పున మూడు వందల స్క్రూలు బిగించాడు. ఇప్పుడు ఈ నిన్నగాక మొన్నటి కుర్రాడు వంకలు పెడతాడా?

“ఎందుకు వేయవురా? అద్దంలా ఉంటే!”

“పైన అద్దమే. కింద చిప్‌బోర్డ్ దూలాల మీద వదులుగా ఆడుతోంది. ముందు దాన్ని దూలాలకు బిగించాక కదా ప్లైవుడ్ వేసేది? ఇలాగే ఆడితే ఏడాదిలో అతుకుల దగ్గర వినైల్ చీలుతుంది. అమ్మగారు మళ్ళీ తట్టుకుని పడితే?”

పోయిన నెల ఈ గదిలోనే, లేచిపోయిన పాత వినైల్ అంచు తట్టుకుని పడి, సిరిల్ భార్య గ్లెండా తుంటి విరగ్గొట్టుకుంది. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి వాళ్ళు ఆమెను ఇంటికి తెస్తున్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కమోడ్. దాని కింద కూడా వినైల్ పరచాలని దాన్ని ఊడదీసి స్నానాల తొట్టిలో పెట్టాడు. నాలుగింటికల్లా అది మళ్ళీ నేల మీద కూర్చోకపోతే, కొత్త తుంటితో వచ్చే మనిషి ఎక్కడికి పోతుంది?

“ఒక పలక ఎత్తి, కింద బిగించేద్దాం,” అన్నాడు డెస్, స్క్రూ మిషను అందుకుంటూ.

“ఎత్తితే రాదు.”

“ఎందుకు రాదు?”

“కింద జిగురు కూడా పూశాను.”

డెస్ తల పట్టుకున్నాడు. “జిగురా! ఇదేమన్నా బీరువా అనుకున్నారా పెద్దాయనా?”

“నా చేతి పని ఏదీ ఇంతవరకూ ఊడి రాలేదు!”

“ఇదీ రాదు లెండి. అదే కదా మన ఖర్మ.”

ఇక ఒకటే దారి. పైనుంచే పొడుగు స్క్రూలు దూలాల్లోకి దించాలి. దూలాలెక్కడున్నాయో గుర్తు పెట్టుకున్న పాపాన పోలేదు సిరిల్. వాటి మధ్య నీళ్ళ పైపులు కూడా ఉన్నాయి. పాత మేకుల వరుస దొరికితే దూలం దొరికినట్టేనని డెస్ అయస్కాంతం తీశాడు. అది ఎక్కడ పెడితే అక్కడే అతుక్కుంది. మూడు వందల చోట్ల!

ఆఖరికి కింద వంటింటి సీలింగ్‌లో అవే దూలాలకు కొట్టిన మేకుల జాడ వెతికి, కొలతలు రాసుకుని పైకి వచ్చేసరికి ఒంటిగంట. కిటికీ వైపు బిగిస్తే తలుపు వైపు కిర్రుమంది. తలుపు వైపు బిగిస్తే మధ్యలో మొదలైంది. “చచ్చిపోతున్నాను దీంతో!” అని సిరిల్ స్క్రూ మిషనును నేలకేసి కొట్టబోయి, ఆగాడు. రెండు కాకముందే కింద గంట మోగి, తలుపు తెరుచుకుంది.

సిరిల్ మెట్ల దాకా పరుగెత్తాడు. కింద గ్లెండా, రెండు చేతి కర్రల మీద నిలబడి, పైకి చూస్తోంది.

“నాలుగింటికన్నారు కదే!”

“బండి ముందే దొరికింది. అయిందా?”

“ఇంకొంచెం… ఒక్క గంట. రెండు గంటలు. కమోడ్ ఇంకా…”

“తెలుసులే.”

ఆమె వెనకే అంబులెన్స్ మనిషి ఒక కుర్చీ మోసుకొచ్చి హాల్లో దించాడు. నడుమ రంధ్రం, దాని కింద మూత ఉన్న బకెట్టు.

“అదెక్కడిదే?”

“వార్డులో అడిగాను. నేల నేనే వేస్తానని ఫోన్‌లో నువ్వన్నావు చూడు, ఆ రోజే.”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది సిరిల్‌కు.