ఆరో ప్రశ్నకు అక్క చెప్పిన జవాబు

కళ్లద్దాల దుకాణంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న చిన్నికి ఏ పనైనా గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకుంటే తప్ప మొదలుపెట్టడం చేతకాదు. చిన్ని అన్నది ముద్దుపేరు. ముప్పై ఆరేళ్లు నిండినా ఇంట్లోవాళ్లు మరో పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అక్క ఆమెకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ పోయాక అక్కే అమ్మయింది. ఇద్దరూ మొగుళ్లనీ పిల్లల్నీ వదిలి, పెళ్లిళ్లయ్యాక మొదటిసారి, ఆరు రోజుల సెలవు మీద వెచ్చటి సముద్రం మధ్య ఉన్న ఒక దీవికి వచ్చారు.

సముద్రం అడుగుకి దిగి చూడాలన్న సరదా చిన్నిది. అక్క మొదట ససేమిరా అంది. తర్వాత "అక్కడికెళ్లాక చూద్దాంలే" అని దాటేసింది. తీరా వచ్చాక రెండు రోజులు ఎండ ఎక్కువనీ, తలనొప్పనీ సాగదీసింది. మూడో రోజు పొద్దున్నే చిన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినంత పని చేస్తే బయల్దేరింది.

పడవల రేవు పక్కన రేకుల షెడ్డు అది. తడి రబ్బరు బట్టలు హేంగర్లకి వేలాడుతూ సిమెంటు నేల మీద బొట్లుబొట్లుగా కారుతున్నాయి. వెనకవైపు సిలిండర్లలోకి గాలి నింపే మిషను గుర్రుమంటోంది. నేర్పే ఆవిడకి యాభై ఏళ్లుంటాయి. ఎండకి కమిలిన మొహం, కత్తిరించిన జుట్టు, బొంగురు గొంతు. కొత్తవాళ్లు ఏడుగురు బెంచీల మీద కూర్చున్నారు.

అందరికన్నా ముందు నోరు విప్పింది చిన్నే. ఈత రాకపోయినా దిగొచ్చా అని అడిగింది. మొదటిసారి తక్కువ లోతుకే తీసుకెళ్తాననీ, చెయ్యి వదలననీ, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఈత రావాల్సిందేననీ ఆవిడ చెప్పింది. చెవులు నొప్పెడతాయంటారు కదా అంటే, నొప్పి వచ్చేదాకా ఆగకుండా, దిగుతున్నంతసేపూ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఒత్తుతూ ఉండాలంది. జలుబు ఉన్నవాళ్లు ఇవాళ ఒడ్డునే కూర్చోండంది. సొరచేపల సంగతి ఎవరో అడిగితే నవ్వి, అవి మనల్ని చూసే పక్కకి తప్పుకుంటాయంది. దిగిన రోజే విమానం ఎక్కకూడదంది. ఒక్క విషయం మాత్రం మూడుసార్లు చెప్పింది: నీళ్లలో ఊపిరి బిగబట్టకండి, ఏం జరిగినా పీలుస్తూ వదుల్తూనే ఉండండి అని.

తన కళ్లద్దాల సంగతేమిటని చిన్ని అడిగింది. పవరున్న మాస్కులు కూడా ఉన్నాయని ఆవిడ బీరువా తెరిచి చూపించింది. చిన్నికి ప్రాణం లేచొచ్చింది. రోజూ చేసే పనే కనుక, ఒక్కో అద్దం వెలుతురుకి పట్టి చూసి, తనకి సరిపోయేది తనే ఏరుకుంది.

ఆ తర్వాత అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. ఆరోగ్యం గురించి పది ప్రశ్నలు. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, గర్భవతా, ఇలాంటివి. చిన్ని అన్నిటికీ "లేదు" అని చకచకా గీతలు గీసి ఇచ్చేసింది. అక్క కాగితం ఇంకా తెల్లగానే ఉంది. ఒళ్లో పెట్టుకుని ఒకే ప్రశ్న వైపు చూస్తోంది. నీకు భయమైతే ఒడ్డునే ఉండు అని చెప్పి, చిన్ని రబ్బరు బట్ట కొలత చూసుకోవడానికి అవతలికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఆవిడ చిన్నిని లోపలి గదిలోకి పిలిచింది.

"మీరు ఇవాళ దిగడానికి లేదమ్మా. డాక్టరు రాసిచ్చిన కాగితం కావాలి."

"ఎందుకండీ? నాకే జబ్బూ లేదే."

ఆవిడ చిన్ని నింపిన కాగితం తిప్పి, ఆరో ప్రశ్న మీద వేలు పెట్టింది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, స్పృహ తప్పి పడిపోయారా అని ఉందక్కడ. "చిన్నప్పుడు వచ్చేవని మీ అక్కగారు చెప్పారు. నీళ్లలో ఒక్కసారి వచ్చినా ప్రాణానికే ముప్పు. మీకు తెలీదా?"

చిన్నికి మొదట నవ్వొచ్చింది. నన్ను ఆపడానికి అక్క ఎంతకి తెగించిందీ అనుకుంది. బయటికొచ్చి చూస్తే అక్క మెట్ల మీద తల వంచుకుని కూర్చుంది.

"ఆవిడకి అబద్ధం చెప్పావా?"

 అక్క తల ఎత్తకుండానే చెప్పింది. నాలుగో ఏట మొదటిసారి వచ్చాయిట. తొమ్మిదో ఏడు దాకా ఐదుసార్లు. పదకొండేళ్లు వచ్చేదాకా రోజూ వేసిన తెల్లమాత్ర బలానికి కాదు, దానికే. పిల్లకి తెలిస్తే బెదిరిపోతుందనీ, నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదనీ అమ్మ ఎవరి చెవినా వేయలేదు. అక్క చేత ఒట్టు వేయించుకుంది.

చిన్ని నిలబడే వింది. బళ్లో ఈత క్లాసు మాన్పించడానికి అమ్మ చెప్పిన చర్మం ఎలర్జీ గుర్తొచ్చింది. సైకిలు అడిగితే కొనకపోవడం, రైల్లో పై బెర్తు ఎక్కనివ్వకపోవడం, బాత్రూం గడియ పెట్టుకుంటే అక్క తలుపు బాదడం, అన్నీ వరసగా వచ్చాయి. తను పిరికిదాన్నని, ఏదీ చేతకానిదాన్నని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది.

"నాతో చెప్పొచ్చుగా అక్కా. పొద్దున గదిలో చెప్పొచ్చు, నిన్న చెప్పొచ్చు. ఆవిడెవరో ముక్కూ మొహం తెలీని మనిషికి చెప్పావు."

"నీ మొహం చూస్తూ చెప్పలేకపోయానే."

"మా ఆయనకి తెలుసా?"

  పెళ్లికి ముందే ఆయనొక్కడికీ చెప్పామనీ, పెళ్లికొడుకుని మోసం చేయడం తప్పని అమ్మ పట్టుబట్టిందనీ అక్క మెల్లగా అంది.

"ఆయన్ని మోసం చేయకూడదనుకున్నారు. మరి నన్ను?"

చిన్ని రేవు చివరికి నడిచి మొగుడికి ఫోన్ చేసింది. నాకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని మీకు తెలుసా అని అడిగింది.  ఆయన అన్న మొదటి మాట "ఎవరు చెప్పారు?" అని. పాత విషయం కదా, ఎప్పుడో తగ్గిపోయిందిగా, నీ మంచికే కదా అంటూ ఇంకా ఏదో చెప్పబోయాడు. చిన్ని పెట్టేసింది. స్కూటరు నేర్చుకుంటానని ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన, "నేనుండగా నీకెందుకు, రాణిలా వెనక కూర్చో" అన్నాడు. ఆ మాట దుకాణంలో ఎంతమందికి మురిసిపోతూ చెప్పుకుందో తల్చుకుంటే ఆమె చెవులు సిగ్గుతో వేడెక్కాయి.

మిగతావాళ్లు పడవెక్కి వెళ్లిపోయారు. నేర్పే ఆవిడ వెళ్తూ చిన్ని దగ్గర ఆగి, నరాల డాక్టరుకి చూపించుకోమనీ, ఎన్నేళ్లప్పుడు, ఎన్నిసార్లు, ఏ మందు అని ఆయన అడుగుతారనీ చెప్పింది. ఆ పొద్దున్నుంచీ ఆమెతో సూటిగా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

మధ్యాహ్నం హోటలు గదిలో అక్క ఏడ్చింది. చిన్ని ఓదార్చలేదు. బల్ల మీదున్న హోటలు కాగితం, పెన్ను తీసుకుని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదటిది ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, అప్పుడు జ్వరం ఉందా అని, దుకాణానికి వచ్చినవాళ్లని అడిగినట్టే అడిగింది. అక్క ముక్కు తుడుచుకుంటూ చెప్తుంటే రాసుకుంది. మూడోసారి వచ్చినప్పుడు తను అక్క ఒళ్లోనే పడిపోయిందనీ, పదిహేనేళ్లు దాటకుండానే అక్క ఒంటరిగా తనని ఎత్తుకుని వీధి చివరి డాక్టరు దాకా పరిగెత్తిందనీ అప్పుడే తెలిసింది. పెన్ను ఒక్క క్షణం ఆగింది. "మందు పేరు?" అని అడిగింది మళ్లీ.

ఊరికి తిరిగొచ్చిన నెలలో చిన్ని ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్లింది. పరీక్షలన్నీ బాగున్నాయన్నాడాయన. సముద్రం అడుగు మాట మర్చిపోవడమే మంచిదనీ, ఈత మాత్రం పక్కన ఒక మనిషిని పెట్టుకుని నేర్చుకోవచ్చనీ, బండి నడపడానికి ఏ అడ్డూ లేదనీ చెప్పాడు. ఇరవై ఏడేళ్లుగా లేని జబ్బుకి, ఆ ఇరవై ఏడేళ్లూ జాగ్రత్తగా కూర్చోబెట్టి ఉంచారన్నమాట. ఆమె మర్నాడే డ్రైవింగ్ స్కూల్లో చేరింది. పక్కన నేను కూర్చుంటానని మొగుడు అన్నాడు. వద్దండీ అంది.

అక్క వారానికోసారి ఫోన్ చేస్తుంది. చిన్ని ఎత్తుతుంది, పిల్లల సంగతులు చెప్తుంది. ఒకనాడు అక్క ఉండబట్టలేక అడిగింది.

"నా మీద కోపం పోయిందా చిన్నీ?"

"పోలేదక్కా" అంది చిన్ని. తర్వాత బావ నడుంనొప్పి ఎలా ఉందని అడిగింది.