లైసెన్సు మీది బరువు

ఆ ఇనప మూకుడు సబ్బుతో కడిగితే మాత్రం అమ్మ ఊరుకునేది కాదు, నలభై ఏళ్ళ రుచి తూములో పోస్తావటే అని చేతిలోంచి లాక్కునేది, అందులో పంది కొవ్వు కాగాక మొక్కజొన్న పిండి జారగానే సుయ్యిమనే చప్పుడు, ఇదిగో ఇక్కడ కూర్చున్నా వినపడుతోంది నాకు, లైబ్రరీ ముందు, కారులో, హీటరు వేసుకుని, ఫోను స్టీరింగుకి ఆనించి, మా లోయలో సిగ్నలు రాదు కాబట్టి వీడియోలో వైద్యం చేయించుకోవాలంటే అందరం ఇక్కడికే వస్తాం, ఎవరి కారులో వాళ్ళం అద్దాలు బిగించుకుని కూర్చుంటాం, పక్క కారులో ఎవరున్నా చూడనట్టే ఉంటాం, అదీ మర్యాద, తెర మీద కాసేపు ఆగండి డార్లా అని రాసి ఉంది, పదకొండు నిమిషాల నుంచీ ఆగుతూనే ఉన్నాను, పొద్దున ఏమీ తినకుండా వచ్చాను, ఎందుకో మరి, ఒక్కపూట మానేస్తే తగ్గిపోతానా ఏమిటి.

ఆగస్టులో యాభై ఎనిమిది నిండుతాయి, అమ్మ పోయింది ఆ వయసులోనే, గుండె, అటూ ఇటూ చూసి ఈ వీడియోలో డాక్టరు కూడా అదే అన్నాడు, ఇలాగే ఉంటే మీ అమ్మగారి దారే మీదీను అని, వారానికో సూది వేసుకుంటే బరువు దిగుతుందట, దాని ఖరీదు మా ఇంట్లో పుట్టేది కాదు, ప్రభుత్వ బీమా ఇస్తుంది, ఇస్తుంది గానీ బరువు వాళ్ళు గీసిన గీత దాటి ఉండాలి, నాది గీత దాటి పక్క జిల్లా దాకా పోయింది, అయినా నాకు అర్హత లేదని ఉత్తరం వచ్చింది, తప్పు వాళ్ళది కాదు, నాదే, మొదటిసారి వీడియోలో బరువెంతమ్మా అనగానే నోట్లోంచి నూట డెబ్భై పౌండ్లు అని వచ్చేసింది, అది నా డ్రైవింగ్ లైసెన్సు మీది బరువు, మా దగ్గర లైసెన్సు మీద బరువు కూడా వేస్తారు, పెళ్ళైన ఏడాది రాయించింది, మా జిల్లాలో ఏ ఆడదాని లైసెన్సు మీదా బరువు మారగా నేను చూడలేదు, కొత్తది చేయించుకోడానికి వెళ్తే కౌంటర్లో ఆవిడ తలెత్తకుండా బరువు అదేగా అంటుంది, అదేనమ్మా అంటాం, ఆవిడ లైసెన్సూ అలాంటిదేగా పాపం.

బళ్ళో నర్సమ్మ పిల్లలందరినీ వరసగా నిలబెట్టి తూచి, పైకి చదివేది, ఆ రోజు ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎండు ఆపిల్ ముద్ద పూసిన కేకు కోసిపెట్టి, ఎవరడిగినా తగ్గించి చెప్పవే పిచ్చిదానా, మన బరువు మనింటి సంగతి, ఊరికెందుకు అంది, ఆ ఒడి ఎంత వెడల్పుగా, ఎంత మెత్తగా ఉండేదని, పిండి వాసన, పొయ్యి వాసన, మళ్ళీ ఒక్కసారి అక్కడ కూర్చోవాలని ఈ వయసులో కూడా, ఫోను మోగింది, నర్సు కెండ్రా, నా కూతురు ట్యామీ కంటే చిన్నదిలా ఉంది, బాగున్నారా డార్లా గారూ, బాగానే ఉన్నానమ్మా, మీ కేసు మళ్ళీ పంపిద్దాం, ఇదే ఆఖరి అవకాశం, ఇందులో నూట డెబ్భై అని ఉంది, తూచుకునే చెప్పారా, అది... కాస్త పాతదిలే, పర్లేదండీ, ఇవాళ్టిది చెప్పండి, పొద్దున తూచుకుని కాగితం మీద రాసుకునే వచ్చాను, కాగితం గుప్పిట్లోనే ఉంది, అద్దం సరిగ్గా బిగిసిందో లేదో మళ్ళీ చూశాను, పక్క ట్రక్కులో ఎవరో ఉన్నారు, వినపడుతుందా ఏమిటి, వింటున్నారా డార్లా గారూ, ఆఁ ఉన్నానమ్మా, ఒక్క నిమిషం.

అమ్మ పోయినప్పుడు సరిగ్గా ఇలాగే, ఇంత మెత్తగానే అడిగాడు ఎస్టెప్ గారు, శవపేటికలమ్మే ఆయన, టోపీ చేత్తో పట్టుకుని, మా వంటింట్లో, అమ్మగారి బరువు సుమారుగా ఎంతుంటుందమ్మా, నాన్న నా వైపు చూశాడు, నేను నూట అరవై అన్నాను, అమ్మ పరువు కాపాడానని లోలోపల గర్వపడ్డాను కూడా, ఆయనకి కళ్ళు లేవా, ఉన్నాయి, కానీ కూతురు చెప్పాక మారు మాట్లాడే మనిషి కాదు, పేటిక మోయడానికి ఆరుగురు చాలన్నాడు, మార్చి నెల, ముందురోజు వాన, మా వాళ్ళ సమాధులన్నీ కొండ నెత్తిన, బండి పోదు, ఎర్రమట్టి జారుతోంది, సగం దూరంలో మా పెద్దమ్మ కొడుకు హోబర్ట్ ఒక్కసారిగా మోకాలి మీద కూలబడ్డాడు, పేటికని బురదలో దించారు, మా ఇంట్లో ఎవరి పేటికనీ మధ్యలో నేల దించలేదు, అందరూ నేలచూపులు, హోబర్టే మొహం తుడుచుకుంటూ, పిన్ని ఏనాడు తొందరపడింది గనక, కాసేపు కూర్చోనివ్వండి అన్నాడు, ఏడుస్తూనే నవ్వాం, ఇరవై రెండేళ్ళైంది, ఇప్పటికీ చర్చిలో ముందు బల్ల పట్టుకుంటే గానీ లేవలేడు, నడుము అప్పుడు పోయిందే, ఒక్కనాడూ నన్నేమీ అనలేదు, ఎప్పుడు కనబడినా డార్లమ్మా అని పలకరిస్తాడు.

నిజం చెప్పి ఉంటే ఎనిమిదిమందిని పెట్టేవాడు ఎస్టెప్ గారు, అంతేగా, ఎంత చిన్న సంగతి, రేపు నేను పోతే మా వంటింట్లో ఎవరో టోపీ తీసి అడుగుతారు, ట్యామీ నా సంచిలోంచి లైసెన్సు తీసి చూసి నూట డెబ్భై అంటుంది, అమ్మకి పరువు దక్కిందనుకుంటుంది పిచ్చిపిల్ల, ఆరుగురు కుర్రాళ్ళు ఆ కొండెక్కుతారు, డార్లా గారూ, కష్టంగా ఉంటే టైపు చేసి పంపండి అంటోంది కెండ్రా, వద్దమ్మా, చెప్తాను, నేను దాచిన ఆ బరువు ఎక్కడికీ పోలేదు, ఇన్నేళ్ళూ హోబర్ట్ నడుము మీదే ఉంది, రెండు వందల నలభై ఏడు, అన్నాను, రాసుకో తల్లీ, రెండు వందల నలభై ఏడు.