పేరు చెప్పి పెట్టిన నైవేద్యం

అక్క రోజూ పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ముందు హాల్లో నేల తుడుస్తుంది. ఆ తరవాతే దేవుడి గది. ఈ వరస తల్లి నేర్పింది కాదు, తమ్ముళ్ళ వల్ల వచ్చింది. ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరి ముక్కో పెదవో చిట్లి ఉంటుంది. ఆ చుక్కలు తొక్కుకుంటూ దేవుడి దగ్గరికి ఎలా వెళ్ళడం? నెత్తురు మరకకి వేడినీళ్ళు తగిలితే మరీ మొండికేస్తుందనీ, చన్నీళ్ళే పోయాలనీ ఆవిడకి బాగా తెలుసు. ఆడపిల్లకి ఎవరూ నేర్పని విద్య. ఏం చేస్తుంది, నేర్చుకుంది.

దేవుడి గది అంటే పెద్ద గదేమీ కాదు. వంటింటి పక్కన గోడలో ఒక గూడు, గూటి ముందు మోకాలెత్తు నల్లరాతి గట్టు, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటుండదు. ఇత్తడి విగ్రహాలని కడిగి, తుడిచి, బొట్టు పెట్టి, పూలు పెట్టి, దీపం వెలిగిస్తుంది. అగరొత్తి పొగ గూట్లోకి పోయేలా చేత్తో విసురుతుంది. ఆఖరికి నైవేద్యం. పళ్ళెం గట్టు మీద పెట్టి, ఉద్ధరిణితో చుట్టూ నీళ్ళు తిప్పి, పెట్టినదాని పేరు చెప్పి, గంట కొట్టి, కళ్ళు మూసుకుంటుంది.

కళ్ళు తెరిచేసరికి పళ్ళెం ఖాళీ.

అందరిళ్ళలో దేవుడు చూసి ఊరుకుంటాడు, ప్రసాదం ఇంట్లోవాళ్ళు తింటారు. ఈ ఇంట్లో దేవుడు నిజంగానే తింటాడు. తల్లి ఉన్నప్పుడూ తిన్నాడు, అమ్మమ్మ ఉన్నప్పుడూ తిన్నాడట. "మీ ఇంట్లో ప్రసాదం అడిగే పనే లేదు కదమ్మా" అని పక్కింటావిడ నవ్వుతుంది, అంతకు మించి ఎవరూ ఏమీ అనరు. పాలల్లో పంచదార తక్కువైతే సగం వదిలేస్తాడని మాత్రం అక్క కాస్త నొచ్చుకుంటుంది.

అయితే ఒకటి. నీళ్ళు తిప్పినంత మేరలో, పేరు చెప్పినదాన్నే ముట్టుకుంటాడు. అరటిపండు అంటే పండు తింటాడు, తొక్క వదిలేస్తాడు. ఒకసారి పెద్ద తమ్ముడు కొత్త పట్కారు కొని, దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని, పళ్ళెం పెట్టే చోటే మరిచిపోయాడు. అక్క నీళ్ళు తిప్పుతుండగా షాపులోంచి కేకేశాడు, "అక్కా, నా పట్కారు చూశావా?" అని. పేరు చెప్పాల్సిన చోట అక్క పరధ్యానంగా "పట్కారు" అంది. అంతే సంగతులు. పళ్ళెంలో బెల్లం ముక్క అలాగే ఉంది, పట్కారు లేదు. "ఇనుము కూడా అరుగుతుందా ఈయనకి?" అని పెద్దోడు చాలా రోజులు సణిగాడు.

ఇంటి ముందు భాగమే వాళ్ళ వెల్డింగు షాపు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల పక్క రెయిలింగులు చేస్తారు. తండ్రి పోయేనాటికి చిన్నోడు ఇంకా అన్నం కలుపుకోవడం రాని పసివాడు. పెద్దోడు బడి మానేసి ఇనుము మోశాడు. సాయంత్రం ఇంటికొచ్చి, మసి వదలని ఆ చేత్తోనే తమ్ముడికి ముద్దలు కలిపి పెట్టేవాడు. ఆ చేత్తోనే పని నేర్పాడు. అతుకు వంకర పోతే వీపు మోగేది, కొలత తప్పితే చెంప పగిలేది. చిన్నోడు పెద్దవాడయ్యాడు గానీ అన్నయ్య చెయ్యి మాత్రం ఎక్కడా ఆగలేదు. ఒకసారి కాలిన ఊచ భుజం మీద అంటించాడు. ఒకసారి షట్టరుకేసి తల బాదాడు, ఇనుప రేకు సొట్టపోయింది. చిన్నోడు తిరిగి కొట్టడం మొదలుపెట్టాక వాళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఇప్పుడు చిన్నోడు వేరే షాపు పెట్టుకుంటానంటున్నాడు. రెండు వీధుల అవతల చోటు కూడా చూసుకున్నాడు.

"గడప దాటి చూడు," అన్నాడు పెద్దోడు, కంచం ముందు నుంచి లేవకుండానే. "నిన్ను నేనే పెంచాను, నేనే పాతేస్తాను."

కోపం వచ్చినప్పుడు అరిచే మనిషి ఆ మాట మెల్లగా అన్నాడు. మర్నాటి నుంచి అక్క దేవుడి ముందు ఒకటే మొర పెట్టుకుంది. "స్వామీ, వీడు వాణ్ణి చంపకుండా చూడు. ఇంకేమీ అడగను." దేవుడు పాలు తాగాడు, పళ్ళు తిన్నాడు. ఉలకలేదు, పలకలేదు.

ఆ రోజు అక్క దీపం వెలిగించి, పళ్ళెంలో అరటిపళ్ళు సర్దుతోంది. షాపులో చిన్నోడు కేబుళ్ళు చుట్టలు చుట్టి, చేతి తొడుగులూ కళ్ళద్దాలూ సంచిలో వేసుకుంటున్నాడు. అన్నయ్య ఇంకా లేవలేదనుకున్నాడు.

"ఏంట్రా ఆ సంచి?"

"నావే. నీ సామాను ఏదీ ముట్టుకోలేదు, చూసుకో."

"అక్కడ పెట్టు."

"పెట్టను అన్నయ్యా. వెళ్తున్నాను."

ఆ తరవాత మాటల్లేవు. ముందు ఇనుము దొర్లిన చప్పుడైంది, తరవాత ఎవరో మూలిగారు. చిన్నోడు హాల్లోకి వచ్చి పడ్డాడు. కనుబొమ మీద చర్మం చీలి నెత్తురు కంట్లోకి కారుతోంది. వెనకే పెద్దోడు, చేతిలో గేటు ఊచ. చిన్నోడు కుర్చీ ఎత్తి అడ్డం పెట్టాడు, ఊచ దెబ్బకి కుర్చీ కాలు విరిగి ఎగిరింది. ఆ విరిగిన కాలుతోనే చిన్నోడు అన్నయ్య ముంజేతి మీద కొట్టాడు. ఊచ జారి మంచం కిందికి పోయింది. ఇద్దరూ ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని, గోడలకి గుద్దుకుంటూ, వంటింటి గిన్నెలన్నీ కింద పడేస్తూ వచ్చారు. "ఒరేయ్, ఆగండ్రా! మీకు దణ్ణం పెడతాను, ఆగండి!" అని అక్క అరుస్తూనే ఉంది. ఎవరికి వినపడాలి? వాళ్ళు ఆవిడ పక్కనుంచే వచ్చి దేవుడి గట్టు మీద పడ్డారు.

పూల సజ్జ తిరగబడింది. దీపం ఒరిగి, నూనె కారి, మళ్ళీ నిలబడింది. చిన్నోడి తల నల్లరాయికి తగిలి ఠంగుమంది, కళ్ళు తేలిపోయాయి. పెద్దోడు వాడి ఛాతీ మీద మోకాలు వేసి, ఎడమ చేత్తో జుట్టు పట్టి, కుడిచెయ్యి గొంతు మీద పెట్టి బలమంతా దాని మీదే మోపాడు.

అక్క అతని వీపు మీద గుద్దింది. చెవి పట్టి లాగింది. భుజం కొరికింది, నోట్లోకి ఉప్పగా నెత్తురు వచ్చింది. పెద్దోడు కదల్లేదు. కిందున్నవాడి ముఖం కమిలిపోయి, కాళ్ళు నేలని తన్నుకుంటున్నాయి. తన్నుకోవడం కూడా తగ్గుతోంది.

అప్పుడు అక్క పంచపాత్ర చేతిలోకి తీసుకుంది.

వాళ్ళిద్దరి మీదుగా వంగి, చిన్నోడి మెడ చుట్టూ, ఆ మెడని నొక్కుతున్న చెయ్యి చుట్టూ, రాతి మీద నీళ్ళు తిప్పింది. గంట కొట్టింది. ఇక పేరు చెప్పడమే మిగిలింది.

"పెద్దోడు" అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. వచ్చిందని ఆవిడ తరవాత కూడా ఎవరి దగ్గరా దాచలేదు. నీళ్ళు ఇంకాస్త వెడల్పుగా తిప్పి ఆ ఒక్క మాట అంటే చాలు, ఇంట్లో తన్నులూ, నేల తుడుపులూ, బెదిరింపులూ అన్నీ తీరిపోతాయి. దేవుడు కాదనడు, ఏనాడూ కాదనలేదు. గూట్లో విగ్రహాలు మామూలుగానే చూస్తున్నాయి. అక్కకి పెద్దోణ్ణి చూస్తే అసహ్యమేసింది. ఆ అసహ్యంలోనే, పదమూడేళ్ళవాడు ఇనుము మోసి వచ్చి భుజాలకి ఆముదం రాయించుకుంటూ నిద్రపోవడం గుర్తొచ్చింది.

"మా పెద్ద తమ్ముడి కుడిచెయ్యి," అంది. "సమర్పయామి."

కళ్ళు మూసుకుంది.

దబ్బుమని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే పెద్దోడు ముందుకి తూలి, మొహం గట్టుకి కొట్టుకుని, పక్కకి దొర్లిపోయి ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. నెత్తురు లేదు, గాయం లేదు, పుట్టుకతోనే అంతవరకే ఉన్నట్టు నున్నగా ఉంది. చిన్నోడు ఈలలాంటి చప్పుడుతో ఊపిరి పీల్చి, దగ్గి, కక్కుకుని, మళ్ళీ పీల్చాడు. మెడ మీద అయిదు వేళ్ళ అచ్చులూ అలాగే ఉన్నాయి.

పెద్దోడు మణికట్టుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కొడతాడేమోనని అక్క గోడకి అతుక్కుపోయింది. అతను కొట్టలేదు.

"అక్కా," అన్నాడు, "అన్నం ఎలా తింటాను?"

అక్క అక్కడే కూలబడి, ఇద్దరు తమ్ముళ్ళకీ వినపడేలా భోరుమని ఏడ్చింది.

ఆ తరవాత కొన్నాళ్ళు దేవుడు ఏమీ ముట్టుకోలేదు. పాలు పెడితే పాలు అలాగే తొరక కట్టేవి, పళ్ళు పెడితే ఈగలు వాలేవి. "అరగలేదేమో," అంది పక్కింటావిడ. "అలాంటి చెయ్యి మరి." పెద్దోడు ఆ మాట విన్నాడు. ఎడమ చేత్తో ముద్ద చేసుకోవడం రాక, తిన్నంత తిని మిగిలింది మీద పోసుకునేవాడు. కోపం వచ్చినప్పుడు ఇప్పటికీ ఆ మొండిచెయ్యి పైకి లేచేది. లేచి, ఏం చెయ్యాలో తెలియనట్టు గాల్లో కాసేపు ఉండి, దిగేది.

ఒకరోజు దేవుడి గది గుమ్మంలో కూర్చుని అడిగాడు. "నన్నే ఇచ్చెయ్యచ్చు కదక్కా. ఎందుకివ్వలేదు?"

అక్క వత్తి సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "నువ్వూ నాకు తమ్ముడివే కదరా, వెధవా."

చిన్నోడి గొంతు బాగుపడేదాకా అక్క వాణ్ణి కదలనివ్వలేదు. మెడ మీద అచ్చులు పచ్చబడి, చెరిగాక, ఒక ఉదయం సంచి భుజాన వేసుకున్నాడు. అక్క నైవేద్యం పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పెద్దోడు గడప పక్కనే ఉన్నాడు. ఆ దారి తప్ప బయటికి వేరే దారి లేదు.

"వెళ్తున్నాను అన్నయ్యా."

"ఊఁ."

చిన్నోడు దగ్గరికి వచ్చేసరికి పెద్దోడి కుడిచెయ్యి లేచింది. చిన్నోడు చిన్నప్పటి నుంచీ అలవాటైనట్టు మోచేతులు తలకి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు. సంచి జారి కింద పడింది.

దెబ్బ పడలేదు.

చిన్నోడు ఒక్కొక్క చెయ్యీ మెల్లగా దించాడు. అన్నయ్య మణికట్టు వాడి నెత్తి మీద ఆనింది. జుట్టు నిమరాలని చూస్తోంది. నిమరడానికి వేళ్ళు లేవు. కాసేపు అటూ ఇటూ తడబడి, అలాగే ఆగిపోయింది. ఇస్తున్నప్పుడు అక్క ఈ సంగతి ఆలోచించలేదు. కొట్టే చేతినే ఇస్తున్నాననుకుంది.

"అతుకు పెట్టేటప్పుడు అద్దాలు తియ్యకు," అన్నాడు పెద్దోడు.

"తియ్యను."

చిన్నోడు సంచి ఎత్తుకుని గడప దాటాడు. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీదికి కారుతున్నాయి. అక్క వెనక్కి తిరగలేదు. వాడు వీధి మలుపు తిరిగేదాకా, ప్రాణాలతో నడిచి వెళ్తున్న వాడి వీపునే చూస్తూ నిలబడింది.