గాసి కొడుకు నెత్తురు పరీక్ష

వేలు మీద సూదితో గుచ్చి ఒక్క బొట్టు నెత్తురు తీస్తే చాలు, గుంటడి అయ్య ఎవరో తేలిపోద్దని పక్కింటి ముత్యాలమ్మ ముంచింగిపుట్టు సంతలో అందరికీ చెప్పిందట. ఆ మాట గుంటడి తల్లి సోని చెవిన పడేసరికే ఊరంతా వినేసింది.

కేసు వేసింది సోని మొదటి మొగుడు కామేష్, పిల్లవాడు తనవాడేనని. అతన్ని వదిలి గాసిని మారుమనువాడి అతని ఇంటికి వచ్చేనాటికే సోని కడుపుతో ఉంది. ఆ సంగతి గాసికి చెప్పలేదు. పిల్లవాడు పుట్టాక, ఏ పెద్ద మళ్లీ పుట్టాడో చూడటానికి పూజారి నీళ్లలో బియ్యపు గింజలు వదులుతూ, గాసి ఇంట పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. గాసి తండ్రి పేరు దగ్గర రెండు గింజలు కలిశాయి. తండ్రే తిరిగొచ్చాడని గాసి ఆ రోజు నుంచీ పిల్లవాణ్ణి "అయ్యా" అనే పిలుస్తున్నాడు.

ఇప్పుడు అందరూ డీఎన్‌ఏ పరీక్షకు రావాలని కోర్టు చెప్పింది.

"ఎల్లకపోతే ఏటవుద్ది బాబూ?" అని సోని తమ లాయరును అడిగింది.

"ఏదో దాస్తున్నారనుకుంటాడమ్మా జడ్జి. పిల్లాడి నెత్తురులో సగం తల్లిది, సగం తండ్రిది కనబడుతుంది. వెళ్తే ఉన్నదున్నట్టు తేలిపోతుంది."

వెళ్లినా పిల్లవాడు పోతాడు, వెళ్లకపోయినా పోతాడు. పక్కనే తల దించుకుని కూర్చున్న గాసి మొహంలోకి చూడలేక సోని కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీ కొడుకే అయితే నీకు భయమెందుకు గాసీ?" అన్నాడు లాయరు.

"ఆడు కామేష్ నెత్తురేనని నాకు మొదట్నించీ తెల్సు బాబూ. పెంచినోడెవడో చెప్పే మిషనుందేటి మీకాడ?"