పాటి మీద ఇళ్లస్థలాలు

మా ఆయన యలమందయ్య పంచాయతీ ప్రెసిడెంటు అయిన ఏడాదే ఊరవతలి పాలెం తగలబడింది. ఎండాకాలం, వడగాలి, తాటాకు గుడిసెలు. పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ చాలింది. మనుషులు దక్కారు గానీ ఒక్క గుడిసె మిగల్లేదు. వానలు పడేలోగా స్థలం చూపిస్తే ఇళ్లకు డబ్బు మంజూరు చేస్తామనీ, లేకపోతే అది వేరే ఊరికి పోతుందనీ సర్కారువాళ్లు చెప్పారు. చూపించే పని ప్రెసిడెంటుది. మా ఆయనకు వెతకాల్సిన అవసరమే రాలేదు. పాటి ఉంది కదా అన్నాడు.

పాటి అంటే పాత ఊరు. ఎర్రవాగు ఒడ్డున మా ముత్తాతల కాలానికి ముందెప్పుడో జనం ఉండి వదిలేసిన చోటు. బూడిదా, పెంటా, కుండపెంకులూ కలిసిన ఆ మన్ను మిరపతోటకు తోలితే కాయ ఎర్రగా, బరువుగా దిగుతుంది. అందుకని ఏటా వేసవిలో ఊరంతా బళ్లు కట్టి అక్కడ తవ్వుకుంటుంది. ఒకప్పుడు పెద్ద దిబ్బగా ఉండేదట. నేను కాపురానికి వచ్చేసరికి చదునైపోయింది, తూర్పు కొసన నిలువెత్తు గట్టు ఒకటి తప్ప. మన్ను తవ్వుకోవచ్చు గానీ అక్కడ గుంజ పాతకూడదు. గొడ్లపాక కూడా వేయకూడదు. పోలేరమ్మ ఆన. ఎందుకని కొత్త కోడలిగా ఉన్నప్పుడు అడిగితే మా అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, మీ పుట్టింట్లో పెద్దవాళ్లను ఇలాగే నిలదీస్తారా అంది. మళ్లీ అడగలేదు.

మరి ఆన ఉన్నచోట ఇళ్లేమిటని మా ఆయన్ని అడిగాను. జవాబు ఆయన నాలుక మీదే ఉంది. పాలెంవాళ్లు కిరస్తానీలు, వాళ్లకు పోలేరమ్మ ఆన తగలదు. ఊరి పెద్దలు భేష్ అన్నారు. విచిత్రమేమిటంటే, పాలెం పెద్ద జక్రయ్య కూడా సరేనన్నాడు. ప్రభువును నమ్ముకున్నవాళ్లం, మాకు ఆ భయాలేమిటని ప్రార్థనలో చెప్పాడట. ఊరూ పాలెం ఒక్క మాట మీద నిలబడటం నేనెన్నడూ చూడలేదు.

అడ్డం తిరిగింది జక్రయ్య కూతురు జయకుమారి. గుంటూరులో చరిత్ర చదువుకుని మా హైస్కూల్లో పంతులమ్మగా చేస్తోంది. చరిత్ర చదువుతానన్నప్పుడు జక్రయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు, నర్సు ట్రైనింగుకు పొమ్మని. నిజం చెప్పొద్దూ, నేనూ అతని పక్షమే. చచ్చిపోయిన రాజుల్లో ఎవరు ఎవరి మీద దండెత్తారో తెలిస్తే బతికున్నవాళ్లకు ఒరిగేదేమిటి?

ఆ పిల్ల ఒకరోజు మా మిరప కళ్లానికి వచ్చింది. నేను ఎండు కాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నాను. ప్రెసిడెంటుగారు తన మాట చెవిన పెట్టలేదనీ, ఒక్కసారి పాటిదాకా రమ్మనీ బతిమాలింది. కళ్లు మండిపోతున్నాయి, లేవడానికి ఏదో ఒక వంక కావాలి. అందుకని వెళ్లాను గానీ చరిత్ర మీద మోజుతో కాదు.

తూర్పు గట్టును ఆమె పారతో నిలువుగా చెక్కించి, చీపురుతో శుభ్రంగా ఊడ్చింది. పైన గడ్డి. దాని కింద జానెడు మందాన పాలిపోయిన మెత్తటి ఒండ్రు. దాని కింద నల్లటి బూడిద, కుండపెంకులు, మసిబారిన పొయ్యిరాళ్లు. మళ్లీ ఒండ్రు. దాని కింద మళ్లీ బూడిదా పెంకులూ. ఏటా ఈ మన్ను తోలించుకున్నదాన్నే గానీ అందులో చారలున్నాయని ఎన్నడూ చూడలేదు.

ఒండ్రులో వేలు పెట్టి కెలికింది. చిన్న చిన్న తెల్లటి నత్తగుల్లలు రాలాయి. వాగు అడుగున దొరికేవే. నీళ్లు వచ్చి నిలబడితే తప్ప ఇవి ఇక్కడికి రావంది. వాగు ఒకసారి ఊరిని ముంచింది. జనం మళ్లీ వచ్చి అదే చోట పొయ్యిలు పెట్టుకున్నారు. రెండోసారి ముంచింది. ఈసారి లేచిపోయి ఇప్పటి ఊరు కట్టుకున్నారు.

"ఒకసారి మునిగాక మళ్లీ ఎందుకొచ్చారే?" అన్నాను.

"కళ్లారా చూసినవాళ్లు పోయుంటారు అమ్మగారూ. మనవలకు అది ఉట్టి కథ అయ్యుంటుంది. రెండోసారి వెళ్లేటప్పుడు, పిల్లలు మళ్లీ రాకుండా ఆన పెట్టి ఉంటారని నా ఊహ. అది నేను రుజువు చెయ్యలేను. నీళ్ల సంగతికి మాత్రం రుజువు ఇదిగో." గుల్లలు నా అరచేతిలో పోసింది. "పోలేరమ్మ ఆన మాకు తగలదన్నారు, సరే. నీళ్లు తగలవా?"

ఆ పాతవాళ్లు కనీసం దిబ్బ మీద ఉన్నారు. మేము తరతరాలుగా ఆ దిబ్బను తవ్వి మిరపతోటలకు పోసుకుని, నేలమట్టం చేసి, ఇప్పుడు ఆ పల్లంలో కాపురాలు పెట్టుకోమంటున్నాం. పైగా దానం చేస్తున్నట్టు మొహాలు.

ఊళ్లో ఖాళీగా ఉన్న మెరక ఒక్కటే, నా కళ్లం. మా అమ్మ పసుపు కుంకుమ కింద నాకిచ్చింది. ఆ సంగతి జయకుమారికి తెలుసు. అయినా అడగలేదు. అడిగి ఉంటే హాయిగా తిట్టి పంపేదాన్ని. అడక్కపోవడంతో ఆ బరువు నా నెత్తిన పడింది. ఇంటికొచ్చి అందరి మీదా విసుక్కున్నాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, తినలేకపోతే మానెయ్యండని మా ఆయన మీద అరిచాను.

స్థలం ఖాయం చేసే రోజున చావడి దగ్గర అందరూ కూడారు. జయకుమారి తను చూసింది చెప్పింది. కొందరు నవ్వారు. జక్రయ్య మాత్రం కూతురి మీద మండిపడ్డాడు. ఉన్న స్థలం కాదంటే ఆకాశంలో కడతామా, వానొస్తే పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలని అడిగాడు. అతని భయం అబద్ధం కాదు. చెట్ల కింద కాపురాలుంటున్నారు మరి.

"ఇంకెక్కడుందో నువ్వే చూపించమ్మా," అన్నాడు మా ఆయన.

ఆమె తల దించుకుంది. నేను గోడ పక్కనుంచి ముందుకొచ్చాను. మా ఊళ్లో ఆడవాళ్లు చావడిలో నోరెత్తరు. నాకు మాట తడబడకుండానే వచ్చింది.

"నా కళ్లం రాసుకోండి," అన్నాను.

ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, అది ఊరిని ఆనుకునే ఉంది కదా, పాలెం మరీ పక్కకొచ్చేస్తుందేమో అన్నాడు. ఈసారి నిప్పంటుకుంటే ఆర్పడానికి దగ్గర అన్నాను.

"మరి కాయలెక్కడ ఎండబోస్తావు రాఘవా?" మా ఆయన గొంతు బాగా తగ్గింది.

"పాటిలో. కాయలు వాగులో పోతే వచ్చే ఏడు మళ్లీ కాస్తాయి."

మిగిలిన మాట ఎవరికి వాళ్లు అనుకున్నారు. మా ఆయన గుమాస్తాను కాగితం తీయమన్నాడు.

వానలు ముదిరేలోగా మెరక మీద గోడలు లేచాయి. జక్రయ్య మొదటి ఇంటి ముందు ప్రార్థన చేసి, కూతురిని పొగడలేక పొగడలేక ఒక ముక్క పొగిడాడు. తూర్పు గట్టును ఇక ఎవరూ తవ్వకూడదని పంచాయతీలో రాయించుకుంది జయకుమారి. ఏటా బడిపిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేది. వాగు మాత్రం చడీ చప్పుడూ లేకుండా ఉంది. ఏదమ్మా మీ వరద అని మా ఆయన ఆమెను ఆటపట్టించేవాడు. రాకపోతే మంచిదే కదండీ అనేది ఆమె.

కొన్నేళ్ల తరువాత వేసవి చివర్లో అకాల తుఫాను పట్టింది. ఎర్రవాగు పొంగి పాటిని కమ్మేసింది. ఆఖరు కోత కాయలన్నీ అక్కడే ఉన్నాయి. నేను తడుస్తూ మెరక మీదికి పరుగెత్తి జక్రయ్య అరుగు మీద నిలబడి చూశాను. బురదనీళ్ల మీద ఎర్రగా పరుచుకుని నా కాయలు పోతున్నాయి. త్యాగమయినని ఎవరైనా అనుకుంటే అనుకోండి, నేనైతే భోరున ఏడ్చాను.

జక్రయ్య కోడలు సంతోషకుమారి చంకలో పసిదానితో వచ్చి పొడితువ్వాలు ఇచ్చింది. పాలెం పిల్లలందరూ అరుగుల మీద నిలబడి నీళ్లను చూస్తున్నారు. జయకుమారి నా పక్కకొచ్చి నిలబడింది. నేను చెప్పలేదా అన్న మాట ఆమె నోట రాలేదు, మొహంలోనూ లేదు.

"ఈ ఒండ్రు కూడా అక్కడ చారగా నిలుస్తుందా?" అని అడిగాను.

"నిలుస్తుంది అమ్మగారూ. మూడోది."

"దాని కింద పొయ్యిరాళ్లు ఉండవు."

"ఉండవు," అంది ఆమె. తువ్వాలు నా భుజం మీద సర్ది, "మిరపగింజలు ఉంటాయి," అంది.

పుండు మీద కారం చల్లినట్టే ఉంది గానీ నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని, పసిదాన్ని ఇటిమ్మని సంతోషకుమారివైపు చేతులు చాపాను.